ఇంటి అడ్వాన్సు మన డబ్బే

అద్దె ఇళ్లు ఉన్న వీధిలో నడిచి చూడండి. గేట్లకు అట్టముక్కలు వేలాడుతుంటాయి. కొన్నిటి మీద "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని ఉంటుంది. కొన్నిటి మీద "టు లెట్" అని ఉంటుంది. ఒక గది, వంటిల్లు అని ఉంటుంది. కింద ఫోను నంబరు ఉంటుంది. ఇవన్నీ ఇప్పుడు మీరు చదవగలరు.

ఆ అట్ట మీద రాయని మాట ఒకటి ఉంది. అది అడ్వాన్సు. లోపలికి వెళ్లి అడిగితేనే ఆ మాట బయటికి వస్తుంది. నెల నెలా అద్దె కట్టగలిగిన వాళ్లు కూడా ఆ మాట విని వెనక్కి వస్తారు.

యాదమ్మ కథ చదవండి. ఇది పాఠం కోసం అల్లిన కథ. కానీ ఇందులో జరిగేవి మన బస్తీల్లో జరిగేవే.

యాదమ్మది పాలమూరు వైపు పల్లె. పదేళ్ల కిందట హైదరాబాదు వచ్చింది. నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. భర్త మల్లయ్య సెంట్రింగు పనికి పోతాడు. ఇద్దరు పిల్లలు బడికి పోతారు. మూడేళ్లుగా ఒక రేకుల గదిలో ఉంటున్నారు. అద్దె నాలుగు వేలు. ఇప్పుడు ఓనరు ఆ గది పడగొట్టి పైన అంతస్తు వేస్తానన్నాడు. నెలలోపు ఖాళీ చేయమన్నాడు.

యాదమ్మ బడికి దగ్గరలోనే ఒక గది చూసింది. గాలి వస్తుంది. నీళ్లు ఉన్నాయి. ఓనరమ్మ పైన ఉంటుంది.

"కిరాయి ఎంతమ్మా?" అని అడిగింది యాదమ్మ.

"అయిదు వేలు. కరెంటు బిల్లు మీదే."

"సరేనమ్మా. వస్తం."

"రెండు నెలల అడ్వాన్సు ఇయ్యాలె. మొదటి నెల కిరాయి కూడ ముందే. ఎల్లుండి లోపల చెప్పు. ఇంకో ఇద్దరు అడిగి పోయిన్రు."

రాత్రి యాదమ్మ కొడుకు నోటు పుస్తకం తీసింది. వెనక పేజీలో లెక్క రాసింది.

అడ్వాన్సు 10,000
మొదటి నెల అద్దె 5,000
సామాను ఆటోకు 1,500
మొత్తం 16,500

ఇంట్లో ఉన్నది 4,000. తక్కువైనది 12,500.

అయిదు వేల గదిలో చేరడానికి పదహారు వేల అయిదు వందలు కావాలి. యాదమ్మ మళ్లీ కూడింది. లెక్క తప్పలేదు.

"ఫైనాన్సాయన ఇస్తడు. రేపే ఇస్తడు" అన్నాడు మల్లయ్య.

ఫైనాన్సు లెక్క ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. పది వేలు అని రాసుకుంటాడు. చేతికి 8,500 ఇస్తాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వడ్డీ 1,500 మాత్రమే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే మనం తిరిగి కడుతుంటాం. యాభై రోజులకు సగం కట్టేస్తాం. అంటే ఆ 8,500 మన దగ్గర వంద రోజులు ఉండదు. వడ్డీ మాత్రం మొత్తానికీ మొదటే పట్టుకున్నాడు. రోజుకు వంద అంటే నెలకు మూడు వేలు. కొత్త ఇంటి అద్దె అయిదు వేలకు ఇది అదనం. అట్లా తీసుకున్నా ఇంకా నాలుగు వేలు తక్కువే.

"మన ఎనిమిది వేలు పాత ఓనరు దగ్గర ఉన్నయి కద" అన్నది యాదమ్మ.

నిజమే. మూడేళ్ల కింద చేరినప్పుడు రెండు నెలల అడ్వాన్సు ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి అడిగారు.

"ఎనిమిది వేలు ఎక్కడివి?" అన్నాడు ఓనరు. "సున్నానికి నాలుగు వేలు పోతది. మిగిలింది చేతిల పైసలు ఉన్నప్పుడు చూద్దాం. అయినా మీరు ఎంత ఇచ్చిన్రో కాగితం ఏమన్న ఉన్నదా?"

కాగితం లేదు. అప్పుడు యాదమ్మకు చదువు రాదు. మల్లయ్య అడగలేదు. "పడగొట్టే గదికి సున్నం ఎందుకు సారూ?" అని అడగాలని యాదమ్మకు నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఇంకా నెల రోజులు ఆ గదిలోనే ఉండాలి.

ఆ సాయంత్రం పొదుపు సంఘం మీటింగు ఉంది. యాదమ్మ సంగతి చెప్పింది. అప్పు కావాలంది.

ఒకామె ఒప్పుకోలేదు. "కుట్టుమిషనుకు ఇస్తం. బర్రెకు ఇస్తం. ఇంటి అడ్వాన్సుకు అప్పేంది? అది పోయే పైసలు కద."

సంఘం లీడరు భారతక్క అన్నది: "పోయే పైసలు కాదు. కిరాయి కడితే పోతది. అడ్వాన్సు పోదు. అది ఓనరు దగ్గర దాచిన మన పైసలు. తిరిగొస్తది. తిరిగొచ్చేటట్టు మనం చూసుకోవాలె. ఇంకోటి చెప్పు. ఇల్లు దొరకక ఈమె ఊరి చివరికి పోతే నాలుగిండ్ల పని పోతది. అప్పుడు మన పొదుపు ఎట్ల కడతది?"

ఇక ఎవరూ మాట్లాడలేదు. తీర్మానం పుస్తకంలో రాసుకున్నారు. ఎనిమిది వేలు అప్పు. నూటికి రూపాయి వడ్డీ. నెలకు వెయ్యి చొప్పున తిరిగి కట్టాలి.

అయినా పన్నెండు వేల అయిదు వందలకు ఎనిమిది వేలు చాలవు. అందుకని మర్నాడు యాదమ్మతో పాటు భారతక్క, ఇంకో ఇద్దరు కొత్త ఓనరమ్మ దగ్గరికి పోయారు. యాదమ్మ పొదుపు పుస్తకం పట్టుకుపోయారు.

"అమ్మా, ఈ పుస్తకం చూడు. మూడేండ్ల సంది ఒక్క నెల తప్పలేదు. ఈమె పైసలు ఎగ్గొట్టే మనిషి కాదు. అడ్వాన్సు సగం ఇప్పుడు తీసుకో. మిగిలిన అయిదు వేలు నాలుగు నెలలు నెలకు పన్నెండు వందల యాభై ఇస్తది. మేము మధ్యల ఉంటం."

ఓనరమ్మ పుస్తకం పేజీలు తిప్పింది. కొంచెం ఆలోచించింది. "నెల దాటితే నేను ఊకోను" అన్నది. ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు లెక్క మారింది. సగం అడ్వాన్సు 5,000. అద్దె 5,000. ఆటో 1,500. మొత్తం 11,500. ఇంట్లోని నాలుగు వేలకు సంఘం ఎనిమిది వేలు కలిపితే 12,000. చేరడానికి సరిపోయింది. అయిదు వందలు మిగిలాయి. మొదటి వారం బియ్యానికి పనికొచ్చాయి.

తర్వాత ఆ నలుగురే పాత ఓనరు దగ్గరికి పోయారు. గొడవ పెట్టుకోలేదు. గది అంతా ఆయనతో కలిసి తిరిగి చూశారు. స్విచ్చి బోర్డు ఒకటి పగిలింది. అది పిల్లవాడు పగలగొట్టిందే. యాదమ్మ ఒప్పుకుంది. సున్నం సంగతి మాత్రం ఒప్పుకోలేదు. చివరికి బోర్డుకు, బాకీ ఉన్న నీళ్ల బిల్లుకు కలిపి 1,500 తగ్గించుకున్నాడు. మిగిలిన 6,500 ఇస్తానన్నాడు. తాళం ఇచ్చిన రోజు సగం, నెలకు మిగతా సగం. మాట మీద ఊరుకోకుండా కాగితం మీద రాయించారు.

యాదమ్మ ఆ 6,500 ఇంట్లో పెట్టుకోలేదు. వచ్చింది వచ్చినట్టు సంఘానికి కట్టింది. పండగ దగ్గరలో ఉంది. పిల్లలు బట్టలు అడిగారు. మల్లయ్య కూడా అడిగాడు. ఆమె ఇవ్వలేదు. ఈ విషయంలో యాదమ్మ గట్టి మనిషి.

అప్పులు ఎన్ని రకాలు

ఎనిమిది వేలు నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెస్తే ఏమవుతుంది? నెలకు 400 వడ్డీ. ఎనిమిది నెలలకు 3,200. అంత కట్టినా అసలు ఎనిమిది వేలు అట్లాగే ఉంటుంది.

అదే ఎనిమిది వేలు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తెస్తే? మొదటి నెల వడ్డీ 80. వెయ్యి అసలు కడతాం కాబట్టి రెండో నెల వడ్డీ 70. మూడో నెల 60. ఇట్లా తగ్గుతూ ఎనిమిదో నెల 10. అన్నీ కూడితే 360. ఎనిమిది నెలలకు అసలు, వడ్డీ రెండూ తీరిపోతాయి.

3,200 ఎక్కడ, 360 ఎక్కడ?

ఇక్కడ ఇంకొక మాట ఉంది. ఇంటి అడ్వాన్సుకు మనకు వడ్డీ రాదు. మూడేళ్లు ఓనరు దగ్గర ఉన్నా పది వేలు పది వేలే. వడ్డీ రాని డబ్బు కోసం నూటికి అయిదు వడ్డీ కడితే రెండు వైపులా నష్టం. అందుకే అడ్వాన్సు కోసం అప్పు తేవాల్సి వస్తే తక్కువ వడ్డీ అప్పే తేవాలి. అంతకంటే ముందు, ఇచ్చే అడ్వాన్సును తగ్గించమని, వాయిదాల్లో తీసుకోమని అడగాలి. అడగడానికి సిగ్గు పడొద్దు. అడిగితే పోయేది లేదు.

పాత అడ్వాన్సు సరిగ్గా తిరిగి వస్తే అదే కొత్త ఇంటికి పనికి వస్తుంది. రాకపోతే ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త అప్పు చేయాలి. చాలా కుటుంబాలు అద్దె వల్ల కంటే ఈ ఇల్లు మారడాల వల్లే ఎక్కువ అప్పుల పాలవుతాయి.

ఓనర్లు ఎందుకు అడుగుతారు

ఓనరు భయం ఓనరుకు ఉంది. అద్దె ఎగ్గొట్టి పోతారేమో. కరెంటు బిల్లు బాకీ పెడతారేమో. తలుపులు, కుళాయిలు పాడు చేస్తారేమో. అందుకు హామీగా కొంత డబ్బు పట్టుకుంటారు. ఇందులో తప్పు లేదు.

బస్తీల్లో ఓనర్లందరూ డబ్బున్న వాళ్లు కారు. తన గది పక్కనే రెండు గదులు వేసుకుని, ఆ అద్దెతో బతికే ఒంటరి ముసలామె కూడా ఓనరే. ఆమె మీ అడ్వాన్సు ఏ మందులకో, ఏ మనవరాలి పెళ్లికో ఖర్చు పెట్టి ఉంటుంది. మీరు ఖాళీ చేస్తామన్న రోజున ఆమె దగ్గర డబ్బు ఉండదు. కొత్తవాళ్లు అడ్వాన్సు ఇస్తేనే మీకు ఇవ్వగలదు. అందుకే ఖాళీ చేసే మాట నెల ముందే చెప్పాలి. ఆమెకు కొత్తవాళ్లను వెతుక్కునే సమయం దొరుకుతుంది. మనకు డబ్బు దొరుకుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, నెలనెలా అద్దె ఇంటికి 15 రోజుల ముందు రాతలో నోటీసు ఇవ్వాలి. ఖాళీ చేయమనే ఓనరుకు, ఖాళీ చేస్తామనే మనకు ఇద్దరికీ అదే లెక్క.

అయితే కొందరు ఓనర్లు మనిషిని బట్టి అడ్వాన్సు పెంచుతారు. మగదిక్కు లేని ఇల్లు అంటే ఒక నెల ఎక్కువ అడుగుతారు. కూలి పని అంటే ఇంకొక నెల. ఇది హామీ కాదు, అన్యాయం. ఇట్లాంటి చోటికి ఒక్కరే వెళ్లకండి. సంఘంలోని వారిని వెంట తీసుకెళ్లండి.

ఊరిని బట్టి కూడా వాడుక మారుతుంది. మన అనంతపురం, కర్నూలు వైపు వాళ్లు చాలామంది పనికి బెంగుళూరు పోతారు. అక్కడ పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం ఏళ్ల నుంచి ఉన్న వాడుక. అయిదు వేల గదికి పది నెలలంటే యాభై వేలు. ఊళ్లో పుస్తెలు కుదువ పెట్టి మరీ వెళ్లి చేరాలి. బెంగుళూరు పోయేవాళ్లు బస్సు ఎక్కక ముందే ఈ సంగతి తెలుసుకోవాలి.

చట్టం ఏమంటుంది

2021 జూన్ 2న కేంద్ర ప్రభుత్వం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నమూనా అంటే మాదిరి. ఒక్కో రాష్ట్రం దాన్ని చూసి తన చట్టం చేసుకోవాలి. అట్లా చేసుకుంటేనే అది ఆ రాష్ట్రంలో నడుస్తుంది. కాబట్టి దాన్ని చూపించి ఎవరినీ బెదిరించలేం. కానీ న్యాయం ఏదో చెప్పడానికి అది మంచి కొలత.

ఆ నమూనా చట్టంలో మనకు కావలసిన మాటలు మూడున్నాయి. ఉండే ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇల్లు ఖాళీ చేసి అప్పగించినప్పుడే, న్యాయంగా రావలసిన బాకీ పట్టుకుని, మిగిలిన అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. మూడోది సున్నం మాట. గోడలకు సున్నం వేయడం, తలుపులకు కిటికీలకు రంగు వేయడం ఓనరు పని అని ఆ చట్టం చివర పట్టికలో ఉంది. స్విచ్చిలు, సాకెట్లు బాగు చేయించుకోవడం, కుళాయి వాషర్లు మార్చుకోవడం, మోరీ శుభ్రం చేసుకోవడం అద్దెకు ఉన్నవాళ్ల పని.

భారతక్కకు ఈ సంగతి తెలుసు. అందుకే స్విచ్చి బోర్డుకు ఒప్పుకుని సున్నానికి ఒప్పుకోలేదు.

మన ఊళ్లలో "ఖాళీ చేస్తే సున్నానికి ఒక నెల అద్దె పట్టుకుంటాం" అని ఓనర్లు ముందే చెప్పడం వాడుక. ముందే చెప్పి, మీరు తల ఊపి చేరితే, తర్వాత కొట్లాడటం కష్టం. కాబట్టి చేరే రోజునే అడగండి. "సున్నానికి పట్టుకుంటారా? ఎంత? రెండేళ్లు ఉన్నా అంతేనా, ఆరు నెలలు ఉన్నా అంతేనా?" ఆరు నెలలకే ఖాళీ చేసినవాళ్ల దగ్గర నెల అద్దె పట్టుకోవడం ఏ లెక్కకూ అందదు.

కాగితం

చదువు నేర్చుకున్నందుకు ఇక్కడ చాలా లాభం ఉంది. అడ్వాన్సు ఇచ్చిన రోజునే రసీదు రాయించుకోండి. ఓనరు రాయకపోతే మీరే రాయండి. ఆయన సంతకం పెడితే చాలు. 5,000 రూపాయలు దాటిన డబ్బుకు రసీదు మీద ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. సంతకం ఆ స్టాంపు మీదుగా ఉండాలి.

రసీదు ఇట్లా ఉంటే సరిపోతుంది:

తేదీ: ..............
......................... అను నేను, ......................... గారి నుంచి, ఇంటి నంబరు .............. లోని గదికి అడ్వాన్సుగా రూ. .............. (అక్షరాలా ............................ రూపాయలు) తీసుకున్నాను. నెల అద్దె రూ. .............. . ఇల్లు ఖాళీ చేసి తాళం ఇచ్చిన రోజున, బాకీలు ఉంటే పట్టుకుని, మిగిలిన అడ్వాన్సు తిరిగి ఇస్తాను.
ఓనరు సంతకం ..............
సాక్షి సంతకం ..............

అంకెల్లో రాసిన డబ్బును అక్షరాల్లో కూడా ఎందుకు రాయాలి? 10,000 లో ఒక సున్నా పోతే వెయ్యి అవుతుంది. అక్షరాల్లో "పది వేలు" అని ఉంటే ఎవరూ మార్చలేరు.

వాయిదాల్లో ఇస్తుంటే ప్రతిసారీ రాయించుకోండి. ఒక చిన్న పుస్తకం పెట్టుకుంటే మంచిది. ఇప్పుడు చాలామంది ఫోను నుంచే డబ్బు పంపుతున్నారు. అట్లా పంపితే బ్యాంకులో దాని గుర్తు ఉంటుంది. పంపేటప్పుడు "ఇంటి అడ్వాన్సు" అని రాసి పంపండి. లేకపోతే రేపు అది అద్దె డబ్బే అని ఓనరు అనవచ్చు.

కాగితం రాయమంటే కొందరు ఓనర్లకు కోపం వస్తుంది. "నా మీద నమ్మకం లేదా?" అంటారు. "నమ్మకం ఉంది కాబట్టే చేరుతున్నామమ్మా. రేపు నేను మరిచిపోతే గుర్తుకు ఉండాలి కదా" అనండి. నవ్వుతూ అనండి. అయినా రాయనంటే ఇద్దరు సాక్షులను వెంట తీసుకెళ్లి వాళ్ల ఎదుట డబ్బు ఇవ్వండి.

చేరే రోజున ఇల్లంతా చూడండి. పగిలిన గచ్చు, కారే కుళాయి, పనిచేయని ఫ్యాను, గోడ మీద మరకలు. ఫోను ఉంటే ఫోటోలు తీయండి. లేకపోతే రాసుకోండి. కరెంటు మీటరు అంకె రాసుకోవడం మరిచిపోవద్దు. ఖాళీ చేసేటప్పుడు అవన్నీ మీరే చేశారని ఎవరూ అనలేరు.

డబ్బు ఇవ్వకపోతే

తాళం ఇచ్చాక ఓనరు డబ్బు ఇవ్వకపోతే? ముందు పెద్దమనుషులను, సంఘాన్ని తీసుకెళ్లి అడగండి. ఎక్కువ తగాదాలు ఇక్కడే తీరుతాయి. తీరకపోతే న్యాయసేవా సంస్థకు వెళ్లండి. 1987లో చేసిన న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లందరికీ ఉచితంగా న్యాయ సహాయం అందాలి. సంపాదన ఎంత అని చూడకూడదు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. అక్కడ తెలుగులో అర్జీ రాసి ఇవ్వవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు. వారు ఓనరును పిలిపించి మాట్లాడతారు. లోక్ అదాలత్‌లో రాజీ చేయిస్తారు. దానికి కోర్టు ఫీజు లేదు.

అక్కడ మొదట అడిగేది రసీదు గురించే.

ఇరవై రూపాయల లెక్క

1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిపూట చదువుకున్న ఆడవాళ్లు సారా మీద పోరాడారు. 1993లో సారాను ప్రభుత్వం నిషేధించింది. ఆ తర్వాత అక్కడి ఆడవాళ్లే రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. రూపాయితో ఏమవుతుంది అని నవ్విన వాళ్లున్నారు. ఈనాడు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఉన్న పొదుపు సంఘాలకు అదొక మొదలు. పట్టణాల్లో సంఘాల పని మెప్మా చూస్తుంది. 2011లో మొదలైన స్త్రీనిధి కూడా సంఘాల సభ్యులకు అప్పులు ఇస్తుంది.

ఇప్పుడు ఇంటి అడ్వాన్సు కోసం విడిగా ఒక నిధి పెట్టుకుంటే ఎట్లా ఉంటుంది? లెక్క చూడండి. సంఘంలో పది మంది. నెలకు మనిషికి 20 రూపాయలు. నెలకు 200. ఏడాదికి 2,400. ఇది ఒక్క అడ్వాన్సుకు కూడా చాలదు. కానీ బస్తీలో ఇట్లాంటి సంఘాలు ఇరవై ఉంటే? ఏడాదికి 48,000. ఎనిమిది వేల చొప్పున ఆరు కుటుంబాలకు ఒకేసారి ఇవ్వవచ్చు. వాళ్లు తిరిగి కట్టగానే ఇంకో ఆరుగురికి. డబ్బు తిరుగుతూనే ఉంటుంది.

దీనికి కొన్ని కట్టుబాట్లు కావాలి. రసీదు చూపించని వాళ్లకు రెండోసారి అప్పు లేదు అని పెట్టుకోవచ్చు. పాత ఇంటి అడ్వాన్సు రాగానే ముందు నిధికి కట్టాలి అని పెట్టుకోవచ్చు. డబ్బును ఓనరు చేతికే, సాక్షుల ఎదుట ఇవ్వాలి అని కూడా పెట్టుకోవచ్చు. ఇంటి మగవాళ్ల చేతికి ఇస్తే కొన్ని చోట్ల అది ఓనరు దాకా పోదు. ఎక్కడికి పోతుందో మీకే తెలుసు. ఏవి పనికొస్తాయో మీ సంఘంలో మాట్లాడి తేల్చుకోండి.

మీరు చేయండి

1. పైన ఉన్న రసీదును మీ నోటు పుస్తకంలో రాయండి. ఖాళీలలో మీ పేరు, మీ ఓనరు పేరు, మీ ఇంటి అద్దె, అడ్వాన్సు నింపండి.

2. ఒక గది అద్దె 3,500. రెండు నెలల అడ్వాన్సు, ఒక నెల అద్దె ముందే కట్టాలి. సామాను ఆటోకు 800. చేరడానికి ఎంత కావాలి?

3. ఆరు వేలు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకున్నారు. నెలకు వెయ్యి అసలు కడుతున్నారు. ఆరు నెలలకు మొత్తం వడ్డీ ఎంత? అదే ఆరు వేలు నూటికి మూడు వడ్డీకి తెచ్చి, ఆరు నెలలూ వడ్డీ మాత్రమే కడితే ఎంత? అసలు ఇంకా ఎంత ఉంటుంది?

4. మీ సంఘంలో అద్దె ఇళ్లలో ఉన్నవారు ఎందరు? ఒక్కొక్కరు ఇచ్చిన అడ్వాన్సు ఎంత? వారిలో రసీదు ఉన్నవారు ఎందరు? నల్లబల్ల మీద పేర్లు, అంకెలు రాసి కూడండి. మీ సంఘం డబ్బు ఓనర్ల దగ్గర ఎంత ఉందో చూడండి.